మా పిల్లోడి హెల్త్ కార్డులో ‘బరువు ఎక్కువ’ అని రాసినారు. ఇంట్లో ఏం మార్చాలి, బడిని ఏం అడగాలి?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, సి.క్యాంపు పక్క. మా పెద్దోడికి పదేళ్లు నిండినాయి, ఐదో తరగతి. పోయిన వారం బడిలో అందరికీ ఎత్తు, బరువు చూసి కార్డులిచ్చినారు. వీడిది ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. కింద ఎర్ర పెన్నుతో ‘బరువు ఎక్కువ, డాక్టరుకు చూపించవలెను’ అని రాసుంది. ఆ కార్డు వాడు నా చేతికియ్యలేదు. లంచ్ బ్యాగు అడుగున, న్యాప్‌కిన్ కింద మడిచి పెట్టుకున్నాడు. వ్యాన్‌లో ఎవరో గట్టిగా చదివి నవ్వినారంట.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్తమ్మ ‘ఎదిగే పిల్లోడు, ఎత్తు సాగితే అదే సర్దుకుంటాది, దిష్టి పెట్టొద్దండి’ అంటుంది. మా ఆయన రేపటి నుంచి అన్నం సగం చేసి నెయ్యి ఆపేయమంటాడు. ఇద్దరికీ వాడంటే ప్రాణమే.

వాడి రోజు చెప్తా. పొద్దున ఆరింటికి లేస్తాడు, ఏడున్నరకు వ్యాన్ ఎక్కుతాడు. ఫౌండేషన్ క్లాసులతో కలిపి సాయంత్రం ఐదు దాకా బడి. ఐదున్నర నుంచి ట్యూషన్. ఇంటికొచ్చేసరికి ఏడున్నర. బడికి గ్రౌండు లేదు. మూడంతస్తుల మిద్దె, కింద వ్యాన్లు నిలబెట్టేదానికి చోటు, అంతే. గేటు దాటితే చిప్స్, కూల్‌డ్రింకుల అంగళ్లు వరసగా.

వాడి బరువు నిజంగా ఎక్కువేనా? ఇంట్లో ఏం మార్చాలి? బడిని ఏం అడగొచ్చు? అన్నిటికంటే ముఖ్యం, వాడి మనసు నొచ్చకుండా ఇదంతా చేసేదెట్లా? తెలిసినోళ్లు చెప్పండి.

నల్లరేగడి (ఆదోని)

అక్కా, ముందు భయం ఇడిసిపెట్టు. పిల్లోడు హుషారుగా ఉండాడా, జ్వరం గిరం లేదు కదా? మా నాయన 1952 కరువులో గంజి కేంద్రం ముందర గిన్నె పట్టుకుని నిలబడినోడు. మనవళ్లు కాస్త బొద్దుగా కనిపిస్తే ఇప్పటికీ ఆయన మొగంలో ధైర్యం వస్తుంది. మీ అత్తమ్మ మాట కూడా అట్లాంటిదే. పెద్దోళ్లను కాదనేదానికి ముందు ఆ సంగతి కూడా చూడండి. మన సీమలో ఒంటి మీద కండ ఉండడమంటే ఆ ఇంట్లో గింజలున్నాయని లెక్క.

పిల్లల డాక్టరు (కడప)

నల్లరేగడి గారు చెప్పింది నేను రోజూ ఓపీలో చూస్తుంటాను. అవ్వలు, జేజమ్మలు భయపడేది ఆకలికి. ఆ భయానికి కారణముంది. అందుకే వాళ్లతో వాదన పెట్టుకోకుండా లెక్క చూపిస్తాను. ఇక్కడా చూద్దాం.

బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 46ను 1.42తో రెండుసార్లు భాగిస్తే 22.8. పెద్దవాళ్లకైతే 22.8 మామూలే. పిల్లల లెక్క వేరు, వయసును బట్టి, ఆడా మగా బట్టి గీతలు మారతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్ల మగపిల్లవాడి మధ్యస్థ బీఎంఐ 16.4. 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. మన పిల్లల డాక్టర్ల సంఘం 2015లో మన దేశపు పిల్లల కోసం వేసిన చార్టు ఉంది, చాలామందిమి దాన్నే వాడతాం. కాబట్టి తల్లీ, బడివాళ్లు రాసింది నిజమే. ‘ఊబకాయం’ అనే మాట మాత్రం వాడి ముందు అనాల్సిన పని లేదు.

ఇప్పుడు ధైర్యం చెప్పే లెక్క. వాడి బరువు తగ్గించనక్కర్లేదు, పెరగకుండా చూస్తే చాలు. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. బరువు 46 దగ్గరే ఆగి, రెండేళ్లలో 153కి వచ్చాడనుకోండి, బీఎంఐ 19.7కి దిగుతుంది. పన్నెండేళ్ల మగపిల్లలకు అధిక బరువు గీత 19.9. అంటే గీత కిందికి వచ్చేసినట్టే. రెండేళ్లలో కిలో రెండు కిలోలు పెరిగినా కంగారు లేదు. మీ అత్తగారు చెప్పిన ‘ఎత్తు సాగితే సర్దుకుంటుంది’ అనేది సగం నిజం. ఎత్తుతో పాటు బరువు కూడా పరిగెత్తకపోతేనే సర్దుకుంటుంది.

అన్నం సగం చేయడం, పూట మాన్పించడం వద్దు. ఆకలితో ఉంచిన పిల్లాడు దాచుకుని తింటాడు. ఎదుగుదలకు కావాల్సిన ప్రొటీన్, ఐరన్ కూడా తగ్గిపోతాయి.

ఒకసారి మెడ వెనక, చంకల్లో చూడండి. చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉందా? అది మురికి కాదు, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. రాత్రి గురక పెడతాడా? ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? వీటిలో ఏదున్నా దగ్గర్లోని పిల్లల డాక్టరుకు చూపించి షుగర్, కాలేయం, కొలెస్టరాల్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ వల్లేమో అని చాలామంది అడుగుతారు. హార్మోన్ల లోపం వల్ల లావయ్యే పిల్లలు మామూలుగా ఎత్తు కూడా సరిగ్గా ఎదగరు. మీవాడు ఎత్తు బాగానే ఉన్నాడు.

ఆటల మాస్టారు (అనంతపురం)

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. బరువున్న పిల్లోళ్లకు మా దగ్గర ఏమవుతుందో దగ్గర్నుంచి చూసినోణ్ని కాబట్టి రాస్తున్నా.

ఆటల పీరియడ్‌లో జట్లు ఏరుకోమంటే వాళ్లను చివర్న తీసుకుంటారు. రన్నింగ్ పెడితే చివర్న వస్తారు, చూసేవాళ్లు నవ్వుతారు. మూడోసారికి ‘సార్, కాలు నొప్పి’ అని వచ్చి నిలబడతాడు. మనం పాపమని విజిలో, స్కోరు పుస్తకమో చేతికిచ్చి చెట్టు కింద కూర్చోబెడతాం. ఎవరికి ఆట ఎక్కువ కావాలో, గ్రౌండులో వాడే కూర్చుని ఉంటాడు. చాలా బళ్లలో ఇదే జరుగుతోంది. ఇంకొకటి, అల్లరి చేస్తే ‘గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పో’ అని శిక్ష వేస్తాం. పరుగంటే శిక్ష అని మనమే నేర్పి, పెద్దయ్యాక పరిగెత్తమంటే వాడు పరిగెత్తుతాడా?

బరువున్న పిల్లోడికి బలం ఉంటుంది. కబడ్డీలో పట్టు వాడిది, షాట్‌పుట్ వాడిది, తాడు గుంజే ఆట వాడిది. మా బడిలో ఒక పిల్లోడు ఖోఖోకు పనికిరాడని పక్కన కూర్చునేవాడు. కబడ్డీలో కార్నర్‌లో నిలబెట్టినాము. రెయిడర్ మడమ దొరికిందంటే ఇడిసేది లేదు. అప్పట్నుంచి బెల్లు కొట్టకముందే గ్రౌండులో ఉంటాడు. బరువు ఎంత తగ్గినాడో నేను చూళ్లేదు, చూడాలని కూడా అనిపించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంగే ఆట కావాలంటుంది. అంతా ఒకేసారి ఆడాలని లేదు. పొద్దున ఇరవై, బడిలో ఇరవై, సాయంత్రం ఇరవై అయినా సరిపోతుంది. అక్కా, మీ వాడి దినచర్యలో ఆ అరవై నిమిషాలు ఎక్కడున్నాయో వెతికి చూడండి, నాకైతే కనపళ్లేదు. ముందు ట్యూషన్ సంగతి చూడండి, అన్నం సంగతి ఆ తర్వాత.

సంగటి ముద్ద (ప్రొద్దుటూరు)

నాకు ముగ్గురు మనవళ్లు, ఒక మనవరాలు. అమ్మా, అత్తగారిని దూరం పెట్టుకుని ఈ పని చేయలేవు. ఆమె చేతికే పని అప్పజెప్పు. ‘అత్తా, పిల్లోనికి సాయంత్రం ఏం పెట్టాలో నువ్వే చూడు, ప్యాకెట్ మాత్రం వద్దు’ అని చెప్పు. మాకు తెలిసినన్ని చిరుతిండ్లు ఏ అంగట్లో ఉంటాయి? ఉడకేసిన చెనిక్కాయలు, అలసంద గుగ్గిళ్లు, బొరుగుల్లో ఉల్లిగడ్డ, టమాటా, నిమ్మకాయ పిండి కలిపితే పిల్లోళ్లు గిన్నె నాకుతారు. జామకాయ కోసి ఉప్పూ కారం అద్దిచ్చినా అంతే. మధ్యాహ్నం సంగటి, ఆకుకూర పప్పు. ఆదివారం నాటుకోడి పులుసు ఉండనే ఉంది. చిరుధాన్యాలు తింటే లావు కారు కదా డాక్టరు నాయనా?

పిల్లల డాక్టరు (కడప)

పెద్దమ్మా, మీరు చెప్పిన చిరుతిండ్లన్నీ నేను చీటీ మీద రాసిచ్చేవే. ఒక్క సవరణ. కొర్రలైనా బియ్యమైనా వంద గ్రాములకు కేలరీలు దాదాపు ఒకటే. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, కడుపు తొందరగా నిండినట్టుంటుంది, రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువ. అవి మంచివి అనేది అందుకే. పెద్ద ముద్ద మీద నెయ్యి గుంట చేసి, ఇంకో ముద్ద వేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చెనిక్కాయలు కూడా గుప్పెడు వరకే, నూనె గింజ కదా.

కర్నూలు తల్లికి ఇంకో మాట. వాడికొక్కడికి వేరే కంచం, వేరే వంట వద్దు. తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకు ఓళిగ పెట్టి వాడికి దోసకాయ ముక్క పెడితే అది శిక్షే అవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకటే తినండి. ఇంట్లోకి కూల్‌డ్రింకు రాకూడదంటే వాళ్ల నాన్నకు కూడా రాకూడదు. 250 మి.లీ. సీసాలో 26 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, ఐదారు టీ స్పూన్లు. రోజు మొత్తంలో అదనపు చక్కెర అంతకు మించకుండా ఉంటే మేలని ఆరోగ్య సంస్థల సలహా. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోతుంది. పండ్ల రసం కూడా ఆ లెక్కలోకే వస్తుంది, పండు కోసి పెట్టండి.

బీటెక్ పిల్లోడు (అనంతపురం)

నేను చిన్నప్పుడు లావుగా ఉండేవాణ్ని. అందుకని వాడి తరఫున రెండు మాటలు.

క్లాసు ముందు బరువు చూడటం ఆపించండి. సార్ తూకం యంత్రం మీద ఎక్కించి అంకె గట్టిగా చదువుతాడు, ముందు బెంచీ అమ్మాయి రిజిస్టర్లో రాస్తుంది, వెనక నుంచి నవ్వులు. ఆ రోజు నుంచి నాకు బడిలో ఇంకో పేరు పెట్టినారు. ఇంటర్ అయ్యేదాకా ఆ పేరే. చుట్టాలు పెళ్లిళ్లలో బుగ్గ గిల్లి అదే పేరుతో పిలిచేవాళ్లు, ముద్దుగానే. నాకది ముద్దుగా వినపడేది కాదు. ఆ బాధకు ఇంకా తినేవాణ్ని, గదిలో తలుపేసుకుని.

అక్కా, వాడు కార్డు దాచుకున్నాడని రాసినారు కదా. దాచుకున్నందుకు వాణ్ని అడగొద్దండి, అరవొద్దండి. ‘ఇది నీ ఒక్కడి సంగతి కాదు నాన్నా, మన ఇంట్లో అందరం కొంచెం మార్చుకుందాం’ అంటే చాలు. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అందరూ వింటుండగా బరువు గురించి మాట్లాడుకోకండి. కార్డులు కవర్లో పెట్టి తల్లిదండ్రులకే ఇవ్వమని బడిని అడగండి. ఖర్చు లేని పని.

ఏడురోడ్లు (కడప)

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి మా బడి పేరెంట్స్ గ్రూపులో పెట్టినా (నీ పేరు లేకుండానే).

అక్కా, బడిని అడిగేదానికి మన చేతిలో నిబంధనలు ఉన్నాయి. చాలామందికి తెలీదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో బడిపిల్లల ఆహారం మీద నియమాలు తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు బడి క్యాంటీన్లో గానీ, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మకూడదు. బడి ఆవరణలో వాటి ప్రకటనలూ ఉండకూడదు. సీబీఎస్ఈ 2025 మే నెలలో తన బళ్లకు ‘షుగర్ బోర్డులు’ పెట్టమని చెప్పింది. ఏ పానీయంలో, ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనపడేట్టు రాసి పెట్టాలి. గ్రౌండు సంగతికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఆటస్థలం ఉండాలని ఉంది. ప్రైవేటు బళ్లకూ అది వర్తిస్తుంది.

చట్టం ఉందని గేటు ముందు కూర్చుని గొడవ చేస్తే పని కాదు. మేము మొదట పుట్టినరోజు చాక్లెట్లతో మొదలుపెట్టినాము. నలభై మంది పిల్లలున్న క్లాసులో నెలకు మూడు నాలుగు పుట్టినరోజులు వస్తాయి. చాక్లెట్ బదులు క్లాసు లైబ్రరీకి ఒక పుస్తకం అన్నాం. టీచర్లు ఒప్పుకున్నారు. ఒకరిద్దరు తల్లులు ‘మా బిడ్డ సరదా తీసేస్తారా’ అని కోప్పడినారు. పిల్ల పేరు పుస్తకం మొదటి పేజీలో రాసి, క్లాసంతా పాట పాడి చప్పట్లు కొట్టేట్టు చేస్తే వాళ్లూ సమాధాన పడినారు. లంచ్ బాక్సుల సంగతి అంత సులభంగా తేల్లేదు. ‘మేము ఏం పెట్టాలో బడి చెప్తుందా’ అన్నారు. అది ఇంకా నడుస్తోంది.

బండి తమ్ముడు (తాడిపత్రి)

ఏడురోడ్లు అక్కా, ఆ 50 మీటర్ల లోపల నిలబడేది నాలాంటోళ్లే. రోజూ మూడున్నరకు బండి తెస్తా, పిల్లోళ్లు వదిలేది నాలుగుంబావుకు. అరగంటలో నా బేరం అయిపోవాలి. పిల్లోని చేతిలో పది రూపాయలుంటాయి. చిప్స్ ప్యాకెట్ పది, మసాలా బొరుగులు పది, ఐస్ పది. పదికి వచ్చేదే వాడు కొంటాడు. మమ్మల్ని తరిమేస్తే పక్క సందులో కిరాణా అంగడి ఉంది, అదే ప్యాకెట్ అక్కడ కొంటాడు.

మా బండి దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చి మర్యాదగా అడిగింది, ‘ఉడకబెట్టిన చెనిక్కాయలు, మొక్కజొన్న, జామకాయలు పెట్టు, పిల్లలకు మేము చెప్తాం’ అని. పెట్టినా. చెనిక్కాయలు పోతాయి. మొక్కజొన్న సీజన్లో పోతుంది. జామకాయలు మిగిలితే మరుసటి రోజుకు మెత్తబడతాయి, ఆ నష్టం నాదే. ప్యాకెట్ మిగిలితే నెలలు ఉంటుంది. ఈ తేడా ఎవరూ లెక్కలో తీసుకోరు. బడివాళ్లు సాయంత్రం తినేదానికి రోజుకు ఇన్ని జామకాయలని నా దగ్గర మాట్లాడుకుంటే నేను ప్యాకెట్లు తాకను. నాకూ ఇద్దరు పిల్లలుండారు.

ఏడురోడ్లు (కడప)

తమ్ముడూ, మంచి మాట చెప్పినావు. మా కమిటీ మీటింగులో ఇది పెడతా. మిగిలిన కాయల నష్టం బండివాని మీదే పడకుండా చూడాలనేది మాకెవరికీ తట్టలేదు.

సర్కారు బడి టీచరమ్మ (ఆలూరు)

ఇదంతా చదువుతుంటే మా పిల్లలు కళ్ల ముందు తిరిగినారు. మా ఊరి నుంచి ఏటా వలసపోతారు. తిరిగొచ్చిన పిల్లలకు ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆ సర్వేలోనే దేశంలో అధిక బరువున్న చిన్నపిల్లలు 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగినారని ఉంది. రెండూ ఒకే దేశంలో, ఒక్కోసారి ఒకే వీధిలో. కాబట్టి బరువు గురించి మాట్లాడేటప్పుడు పిల్లలందరికీ కలిపి ‘తక్కువ తినండి’ అని బడిలో చెప్పొద్దని నా మనవి. మా బడిలో ఆ మాట వింటే గుడ్డు పక్కన పెట్టేసే ఆడపిల్లలు ఉంటారు.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు, రాగి జావ, చిక్కీ ఇస్తున్నాం. కానీ మా ఊరి అంగట్లో కూడా ఐదు రూపాయల ప్యాకెట్ల దండలు వేలాడుతున్నాయి. కూలికి పోయే తల్లి పొద్దున్నే చేతిలో పది పెట్టి పోతుంది. పిల్ల సన్నగానే ఉంటుంది, తినేది మాత్రం అదే.

పిల్లల డాక్టరు (కడప)

టీచరమ్మ గారు చెప్పింది చాలా ముఖ్యం. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి చూపించింది ఇదే. మన దేశంలో తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు చూడటానికి సన్నగా ఉన్నా ఒంట్లో కండ తక్కువ, కొవ్వు శాతం ఎక్కువ. అలాంటి బిడ్డ తర్వాత గబగబా బరువెక్కితే షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ. వలసపోయే తల్లి గర్భంలో మొదలైంది పట్నంలో పెరిగే కొడుకులో బయటపడొచ్చు. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత తల్లిపాలతో పాటు ఇంటి వంట. కొవ్వు బిడ్డల పోటీల కోసం డబ్బా పాలు పట్టించే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది పోవాలి.

బ్యాంకు నాన్న (నంద్యాల)

అందరూ మంచి మాటలే చెప్తున్నారు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇంటికొచ్చేసరికి ఎనిమిది. గుగ్గిళ్లు నానబెట్టేదెవరు, గ్రౌండుకు తీసుకుపోయేదెవరు? పిల్లను బయటికి పంపాలంటే రోడ్డు మీద బండ్లు, కుక్కలు. ఫోన్ ఇస్తే కనీసం ఇంట్లో ఉందన్న ధీమా. మాలాంటోళ్లు ఏం చేయాలి?

ఆటల మాస్టారు (అనంతపురం)

సార్, మీ బాధ అర్థమైంది. అందుకే బడి చేయాలి అంటున్నాం. మీకు టైం లేదు, వీధిలో చోటు లేదు. పిల్ల రోజులో సగం ఉండేది బడిలోనే. చివరి పీరియడ్ ఆటలకిచ్చి, వ్యాన్ అరగంట ఆలస్యంగా కదిలితే మీ సమస్య సగం తీరుతుంది. గ్రౌండు లేని బడికి కూడా దారి ఉంది. తాడాట, తొక్కుడుబిళ్ల, మిద్దె మీద రింగ్ టెన్నిస్. పిట్టగోడ ఎత్తుగా ఉండాలి, ఒక టీచరు అక్కడే ఉండాలి. దగ్గర్లో మున్సిపల్ గ్రౌండు ఉంటే వారానికి రెండుసార్లు నడిపించుకు పోవచ్చు. అనంతపురంలో ఆర్డీటీ (పల్లెల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థ) స్టేడియం దగ్గర సాయంత్రం పల్లె పిల్లోళ్లు హాకీ, ఫుట్‌బాల్ ఆడుతుంటే చూడండి. ఎండకూ దుమ్ముకూ వాళ్లు ఇంట్లో కూర్చోలేదు.

సంగటి ముద్ద (ప్రొద్దుటూరు)

నాయనా, గుగ్గిళ్లు రాత్రి పడుకునేముందు చెంబుడు నీళ్లలో వేసి పెట్టేదే. పొద్దున కుక్కర్లో రెండు కూతలు. నీ పెండ్లాం ఒక్కతే చేయాలని ఎవరు చెప్పినారు, నువ్వూ వేయొచ్చు.

బ్యాంకు నాన్న (నంద్యాల)

వేస్తా పెద్దమ్మా.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ ఎంత చెప్పినా తక్కువే. ఈ రోజే డాక్టరుకు చూపించినాము. మెడ వెనక కొంచెం నలుపుంది. నేను ఇన్నాళ్లూ సున్నిపిండితో రుద్దుతున్నా. పరీక్షల్లో షుగర్ బాగానే ఉందన్నారు, కాలేయం ఎంజైము కొంచెం ఎక్కువుంది, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు.

రెండు సందేహాలు. పాలల్లో రోజూ రెండు పూటలా చాక్లెట్ రుచి హెల్త్ డ్రింకు పొడి కలుపుతా. అది బలమే కదా? ఇంకోటి, రాత్రి హోంవర్కు అయ్యేసరికి పదిన్నర, పొద్దున ఆరుకు లేస్తాడు. నిద్రకూ బరువుకూ సంబంధముందని డాక్టరన్నాడు, నిజమా?

పిల్లల డాక్టరు (కడప)

ఆ డబ్బా వెనక్కి తిప్పి, ‘అదనపు చక్కెర’ అని రాసినచోట చూడండి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే విభాగమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను ఆ పేరు కింద పెట్టొద్దని ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకు సూచించింది. ఉత్త పాలు ఇవ్వండి, రోజుకు రెండు గ్లాసులు చాలు. ఒక్కసారిగా మానేస్తే తాగడు. వారం వారం పొడి తగ్గిస్తూ రండి.

నిద్ర సంగతి నిజమే. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మీవాడికి ఏడున్నర దొరుకుతోంది. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. మరుసటి రోజు తీపి మీదికే మనసు పోతుంది, ఆడే ఓపిక ఉండదు. ఆటల మాస్టారు ట్యూషన్ వైపు వేలు చూపింది సరైన చోటే. అది మానితే ఆటా, నిద్రా రెండూ వస్తాయి.

5 నుంచి 11 ఏళ్ల పిల్లల మీద, ఎక్కువగా బడుల్లో, జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2024లో వచ్చింది. ఆహారం, ఆట మీద చేసిన కార్యక్రమాల వల్ల పిల్లల బీఎంఐలో వచ్చే తగ్గుదల చిన్నదే అని తేలింది. నిరుత్సాహపడొద్దు. బడి ఒక్కటే చేస్తే చాలదు, ఇల్లు ఒక్కటే చేసినా చాలదు. మీరు రెండు వైపుల నుంచీ పట్టుకున్నారు.

ఏడురోడ్లు (కడప)

అక్కా, పేరెంట్ టీచర్ మీటింగుకు ఉత్త చేతుల్తో పోవద్దు. కాగితం ఇస్తే దానికి జవాబు రావాలి. మేము ఇచ్చింది కింద పెడుతున్నా, ఎవరైనా వాడుకోవచ్చు.

‘ప్రధానోపాధ్యాయుల వారికి, ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు మనవి చేసుకునేది. 1) పిల్లల ఎత్తు, బరువు ఒక్కొక్కరిని విడిగా పిలిచి చూడగలరు. కార్డులు మూసిన కవర్లో తల్లిదండ్రులకే పంపగలరు. 2) ప్రతి తరగతికి రోజూ ఒక ఆటల పీరియడ్ ఇచ్చి, దాన్ని పరీక్షల సమయంలో కూడా లెక్కల క్లాసుకు ఇవ్వకుండా ఉండగలరు. 3) క్యాంటీన్లో కూల్‌డ్రింకులు, చిప్స్ ఆపి, 2020 నిబంధనల ప్రకారం గేటు దగ్గర అమ్మకాల విషయం మాతో కలిసి మాట్లాడగలరు. ఇప్పుడున్న బండ్లవారు ఉపాధి పోగొట్టుకోకుండా పండ్లు, గుగ్గిళ్లు అమ్మేట్టు చూడగలరు. 4) పిల్లల్ని శరీరాన్ని బట్టి పేర్లు పెట్టి పిలవకుండా టీచర్లు, ఆయాలు, వ్యాన్ డ్రైవర్లకు చెప్పగలరు.’

కింద సంతకాలు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. సన్నగా ఉన్న పిల్లల తల్లిదండ్రులతో కూడా పెట్టించండి. అప్పుడది లావు పిల్లల గొడవ అనిపించదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

మీటింగు అయింది. వివరంగా రాస్తా.

మొదటిదీ నాలుగోదీ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. వ్యాన్ డ్రైవరన్నను పిలిపించి నా ముందే చెప్పినారు. ఆయన ‘నాకూ బిడ్డలుండారమ్మా, ఇంక ఎవురు నవ్వినా నేనే చెప్తా’ అన్నాడు. క్యాంటీన్లో కూల్‌డ్రింకు ఆపుతామన్నారు, చిప్స్ ‘ఉన్న స్టాకు అయ్యేదాకా’ అన్నారు. ఆటల పీరియడ్ రోజూ కుదరదన్నారు, వారానికి మూడు ఇస్తామన్నారు. మిగిలిన రోజులకు మేము ఊరుకోలేదు, మళ్లీ కలుస్తామని చెప్పి వచ్చినాము. సంతకాలు పెట్టినోళ్లలో సగం మందికి పైగా సన్నటి పిల్లోళ్ల తల్లులే.

ఇంట్లో ట్యూషన్ మాన్పించినాము. మా ఆయనే ‘లెక్కలు నేను చూస్తాలే’ అన్నాడు. సాయంత్రం వీధిలో పిల్లోళ్లతో క్రికెట్టు. చీకటి పడేదాకా రాడు. మా అత్తమ్మకు సాయంత్రం తిండి అప్పజెప్పినా. అలసందలు, పెసలు, శనగలు డబ్బాల్లో వరసగా పెట్టుకుంది. ఈ రోజు ఏ డబ్బా అని వాణ్నే ఎంచుకోమంటుంది. కొట్టు పక్కకు పోవద్దని ఆమే వాడికి చెప్తుంది ఇప్పుడు.

ఇంకొక్కటి అడగాలి. మార్చి నడిమధ్య నుంచి ఒంటిపూట బళ్లు. పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉంటాడు, బయట నలభై డిగ్రీలు. ఆ తర్వాత ఎండాకాలం సెలవులు. అప్పుడేం చేయాలి సార్?

ఆటల మాస్టారు (అనంతపురం)

మంచి ప్రశ్న అక్కా. పిల్లోళ్లు లావయ్యేది బడి ఉన్నప్పటికంటే సెలవుల్లోనే ఎక్కువని అమెరికాలో లెక్కలు తీసి చూసినారు. లేచేదానికీ తినేదానికీ ఒక వేళ ఉండదు, చేతిలో ఫోన్ ఉంటుంది.

సెలవులిచ్చినాక పొద్దున ఐదున్నర నుంచి ఏడు లోపల ఆట పెట్టండి. మీ కర్నూలు ఔట్‌డోర్ స్టేడియంలో పొద్దున్నే పిల్లోళ్లు ఉంటారు. ఈత నేర్పేవాళ్లు దొరికితే నేర్పించండి, కేసీ కాలువలోకి మాత్రం ఒంటరిగా పంపొద్దు. పది నుంచి నాలుగు దాకా ఇంట్లోనే. మధ్యాహ్నం నిద్ర గంటకు మించకుండా చూడండి. క్యారమ్స్, అష్టాచెమ్మా, అవ్వతో చెనిక్కాయలు వలిచే పని. ఫోన్ అన్నం దగ్గరికి రాకూడదు, ఆ నియమం పెద్దోళ్లకు కూడా. దాహానికి పల్చటి మజ్జిగలో ఉప్పు, కరివేపాకు. సాయంత్రం ఐదున్నర తర్వాత మళ్లీ వీధిలోకి. ఒంటిపూట బళ్లప్పుడు పొద్దున టైం ఉండదు కాబట్టి ఈ సాయంత్రం ఆటే గట్టిగా పట్టుకోండి.

రోజూ బరువు చూడొద్దు. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గర చూస్తే చాలు. వాడు కబడ్డీ ఆడతాడేమో కనుక్కోండి. ఆడతానంటే కార్నర్‌లో ఎట్లా నిలబడాలో నేను వీడియో తీసి పెడతా.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

పక్కనే ఉండాడు సార్, అడిగినా. ‘కార్నరంటే ఏంది, ఎప్పుడు పెడతాడు’ అంటాండాడు. పెట్టండి.